గద్వాల కోట వీధిలో పల్లకి వెళ్ళిపోయాక

రెండేళ్ళుగా మా అత్తమ్మకు చూపు తగ్గుతూ వచ్చింది. మొదట సందెవేళ గడప తట్టుకునేది. తరువాత దీపం వెలుతురులో బియ్యంలోని రాళ్ళు కనిపించడం మానేశాయి. పోయినేడు కార్తీకంలో పట్నం దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చూసి, ఇవి నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా ఎంతో కాలం నిలవదు అని చెప్పాడు. దవాఖాన మెట్లు దిగుతూ ఆమె ఏడవలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని, "ఐతే నన్ను గద్వాలకు తోల్కపో బిడ్డా. కండ్లున్నప్పుడే స్వామిని చూసొస్త" అన్నది. మా ప్రయాణం అలా మొదలైంది. ఆ కోటనూ ఆ ఊరినీ చూడాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని, దారి సంగతీ ఊరి సంగతీ గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మాది రామన్నపేట పక్కన చిన్న పల్లె. గద్వాల మాకు దగ్గరేమీ కాదు. కానీ మా అత్తవారి పెద్దలు కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డ నుంచి వచ్చినవాళ్ళట. అందుకని గద్వాల కోటలో ఉన్న చెన్నకేశవస్వామే మా ఇంటి ఇలవేల్పు. మా అత్తమ్మ మామగారికి ఆ పేరే పెట్టారు, ఆయన పోయాక మా ఆయనకూ అదే పేరు వచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరమే. ఆ పేరు ఇద్దరి నోటా రాదు. ఆమెకది మామ పేరు, నాకు పెనిమిటి పేరు. ఆమె కొడుకును "పెద్దోడా" అని పిలుస్తుంది. నేను ఏమని పిలుస్తానో చదివే అక్కచెల్లెళ్ళకు చెప్పనక్కరలేదు. రాయడానికి అడ్డు లేదని పెద్దలంటారు కాబట్టి ఇక్కడ రాయగలిగాను.

కొత్త కోడలుగా ఉన్నప్పుడు అత్తమ్మ ఒకసారి గద్వాలకు పోయింది. చలి వెనకబట్టిన రోజుల్లో అక్కడ ఉత్సవం జరుగుతుంది. ఉత్సవంలో ఒక్క ఉదయం పూట స్వామిని పల్లకిలో ఎక్కించి కోట వీధిలో తిప్పుతారు. "మామ ముందట నిలబడ్డడు. నేను కొంగు కిందికి గుంజుకొని తల ఎత్తకపోతి. బోయీల కాళ్ళు చూసి ఇంటికొచ్చిన" అని ఆమె చెప్పేది. గర్భగుడి చీకట్లో ఆమెకు ఇప్పుడేమీ ఆనదు. నిండు ఎండలో, ఎదురుగా ఉన్నది మాత్రం ఇంకా కనిపిస్తుంది. అందుకే మామూలు రోజున కాకుండా పల్లకి తిరిగే రోజుకే పోవాలని పట్టుబట్టింది.

తెల్లవారుజామున బండి కట్టుకుని చిట్యాలకు వచ్చి, అక్కడ బస్సు ఎక్కితే మధ్యాహ్నం ఎండ వాలేసరికి పట్నం చేరాం. సాయంత్రం కాచిగూడ స్టేషన్‌లో గద్వాల మీదుగా పోయే రైలు ఎక్కాం. టికెట్ల లెక్కంతా ఆయనే చూసుకున్నారు, ఆ సంగతి నేను చెప్పలేను. అత్తమ్మనూ నన్నూ ఆడవాళ్ళ డబ్బాలో కూర్చోబెట్టి ఆయన ముందు డబ్బాలోకి పోయారు. మగవాళ్ళ డబ్బాల్లో కాలు పెట్టే జాగా లేదు. ఆయన పాలమూరు దాకా నిలబడే ఉన్నారని నాకు తెలుసు, ఎందుకంటే రైలు ఆగినచోటల్లా మా కిటికీ దగ్గరికి వచ్చి, "అమ్మా, నీళ్ళు గావాల్నా?" అని అడిగిపోయారు. పాలమూరు స్టేషన్‌లో చాలామంది దిగారు. ఆయనకు అక్కడ కూర్చునే చోటు దొరికినట్టుంది. ఆ తరువాత కిటికీ దగ్గరికి రాలేదు.

పొద్దు పొడిచాక రైలు కృష్ణ వంతెన మీదికి వచ్చింది. డబ్బాలోని ఆడవాళ్ళందరూ లేచి నదిలోకి పైసలు వేసి దండం పెట్టారు. ఇసుక తిన్నెల నడుమ నీళ్ళు ఎండకు మెరుస్తుంటే అత్తమ్మ కిటికీకి మొహం ఆనించి, "తళతళ కనవడుతుంది పిల్లా! ఇయ్యాల నా కండ్లు మంచిగున్నయి" అన్నది. ఆమె అంత సంబరపడగా నేనెప్పుడూ చూడలేదు. మీరు ఆ దారిన పోతే పొద్దున పూట వంతెన దాటే రైలే ఎక్కండి. వంతెన దాటిన కాసేపటికే గద్వాల వస్తుంది, కాబట్టి మూటలు ముందుగానే సర్దుకోవాలి.

మేము సర్దుకునే ఉన్నాం. ఉత్సవానికి వచ్చిన జనంతో కలిసి దిగాం కూడా. ఆయన మాత్రం దిగలేదు. జనం పలచబడేదాకా చూసి నేను ముందుకు నడిచాను. రెండో డబ్బా కిటికీలో ఆయన తలకు చుట్టిన తెల్ల రుమాలు కనిపించింది. అది ఎవరిదో భుజం మీద ఒరిగి ఉంది. మంచి నిద్రలో ఉన్నారు. కిటికీ నాకు అందదు. డబ్బా వాకిలి నిండా మగవాళ్ళు. నేను "ఇగో" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. రైలు కూత వేసింది. ఈసారి ప్రాణమంతా కూడగట్టుకుని "ఇగో! ఇగో!" అని అరిచాను. ఆ వరసలోని కిటికీలన్నిటిలోంచి మగవాళ్ళు తలలు బయటపెట్టారు, ఆయన తప్ప. వెనకనుంచి అత్తమ్మ "ఓ పెద్దోడా!" అని కేక వేసింది. ఎవరి పెద్దోడో ఒకడు, "నేనిక్కడే ఉన్ననే అమ్మా" అని ప్లాట్‌ఫారం మీది నుంచే పలికాడు. రైలు కదిలింది. ఆ రుమాలు అలాగే ఒరిగి మా ముందునుంచి పోయింది.

స్టేషన్ మాస్టరు మంచివాడే. మేమిద్దరం నిలబడిపోవడం చూసి దగ్గరికి పిలిచి, సంగతి విని, "ఫికర్ చెయ్యకుండ్రి. ముందటి స్టేషన్‌కు తార్ కొడ్త, దింపుతరు. పేరు చెప్పుండ్రి" అన్నాడు.

నేను తల వంచుకున్నాను. మాస్టరు అత్తమ్మను అడిగాడు.

"తెల్ల రుమాలు గట్టిండు సారూ. ఎత్తుగుంటడు" అన్నది అత్తమ్మ.

"రుమాలు గట్టనోడు ఎవడున్నడమ్మా ఆ రైల్ల? పేరు చెప్పుండ్రి, పేరు!"

"చామనచాయ. మెడకాడ పుట్టుమచ్చ ఉంటది."

"పుట్టుమచ్చ జూసి దింపనీకె ఆడ ఎవరున్నరు?" అని మాస్టరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "రామయ్యనా? లచ్చయ్యనా? మల్లయ్యనా?"

కాదు కాదని మేము తల అడ్డంగా ఊపుతుంటే, గుమ్మం దగ్గర గంప పెట్టుకుని పల్లికాయలు అమ్ముతున్న ఒక ఆమె పకపకా నవ్వింది. "ఏం సారూ, మీ ఇంట్ల అమ్మగారు నిన్ను పేరు పెట్టి పిలుస్తదా? ఆడోళ్ళను అడిగే తీరు గదేనా?" అని లేచి వచ్చింది. "ఏమక్కా, చెట్టు పేరా, దేవుని పేరా?"

"దేవుని పేరే తల్లీ" అన్నది అత్తమ్మ.

"కొండ మీదోడా, ఊర్లున్నోడా?"

"గీ ఊర్లున్నోడే. ఇయ్యాల పల్లకిల తిరిగేటోడే."

"ఓయమ్మో, చెన్నకేశవులా! గా పేరు సెప్పనీకె ఇంతసేపా?" అని ఆమె మళ్ళీ నవ్వింది. మాస్టరు కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, నిజం చెబుతున్నాను. అప్పటికి ఏమి పోగొట్టుకుంటున్నామో తెలియలేదు. తంతి యంత్రం మీద తార్ టకటకా కొట్టి, బదులు వచ్చేదాకా విని, మాస్టరు నవ్వు ఆపేశాడు. రైలు అప్పుడే ఆ స్టేషన్ దాటిపోయిందట. దాని తరువాతి స్టేషన్‌కు కొట్టాడు. కాసేపటికి మా ఆయన దొరికారని తెలిసింది. కానీ ఎదురు రైలు వచ్చేది మధ్యాహ్నం దాటాకే.

బయట జట్కాలు ఒక్కొక్కటే నిండి పోతున్నాయి. మాతో ఆడవాళ్ళ డబ్బాలో వచ్చిన ఒక పెద్దామె తిరిగి చూసి, "రాండ్రమ్మా, జాగ ఉన్నది. పల్లకి లేచే యాళ్ళయింది" అని పిలిచింది. అత్తమ్మ రెండడుగులు వేసి ఆగింది. ఆయన రాగానే కబురు చెబుతానని మాస్టరు అన్నాడు కూడా. కానీ మేమిద్దరం ఎన్నడూ మగతోడు లేకుండా పరాయి ఊరి వీధిలో నడిచినవాళ్ళం కాదు. ఆమె నా మొహం వైపు తిరిగింది. నేను ఏదో ఒకటి అంటానని చూసినట్టుంది. నేను పోయే జట్కాల వైపు చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆమే, "వాడు వచ్చి మనం గానరాకుంటే గుండె పగులుతది. కూసుందాం తియ్యి" అన్నది. పెద్దామె జట్కా పోయింది. కొంతసేపటికి ఊరి వైపునుంచి డోళ్ళు, సన్నాయి వినిపించాయి. అత్తమ్మ చేతులు జోడించి ఆ చప్పుడు వైపు తిరిగి కూర్చుంది. చప్పుడు దగ్గరైనట్టై, దూరమై, ఆగిపోయింది. పల్లికాయలామె వచ్చి ఇద్దరి ఒళ్ళోనూ చెరొక దోసెడు పోసి పోయింది.

రైలు ఆగకముందే ఆయన దూకారు. మొహం ఎండిపోయి ఉంది. అత్తమ్మ చెయ్యి ముట్టి చూసి, "ఏం గాలె తియ్యి బిడ్డా. నిద్ర వచ్చినోని తప్పేముంది" అన్నది. జట్కా మాట్లాడడానికి పోతూ ఆయన నన్నడిగారు. "పిలువకపోతివా?"

"పిలిచిన."

"ఏమని?"

నేను వంగి మూటలు ఎత్తుకున్నాను. ఆయన జట్కాల వైపు నడిచారు.

స్టేషన్ నుంచి కోటకు జట్కా కిరాయి మామూలుగా మనిషికి రెండణాలు, ఉత్సవం నాడు నాలుగణాలు. మా జట్కా సాయిబు ముసలివాడు, నోరు ఊరుకోదు. "ఉత్సవం అయినంక వస్తుండ్రేందయ్యా, పెండ్లి అయినంక పందిట్లకు వచ్చినట్టు?" అన్నాడు. మా మొహాలు చూసి తనే సర్దుకుని, "అయితే ఏమాయె, కోట యాడికి పోతది? నిమ్మళంగ చూస్కోండ్రి" అన్నాడు.

అతను చెప్పినట్టు, కోట ఎక్కడికీ పోలేదు. మా వైపు రాచకొండ మీద కోట ఉంది. గోడలు కూలి, ముళ్ళకంప పెరిగి, మేకలు మేస్తుంటాయి. కోట అంటే అలాగే ఉంటుందనుకునేదాన్ని. గద్వాలది మట్టికోట అని విని, ఏముంటుందిలే అనుకున్నాను. తీరా చూస్తే గోడ మీద ఒక పెళ్ళ కూడా రాలలేదు. మట్టిని ఎంత మందాన పేర్చారో, పైన నలుగురు పక్కపక్కన నడవవచ్చు. చుట్టూ కందకం, ఏనుగు అంబారీతో దూరగలిగే వాకిలి, తలుపుల నిండా ఇనుప మేకులు. లోపల ఒకచోట పొడుగాటి ఫిరంగి, పిల్లలు దాని మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నారు. సంస్థానం వారి మేడలకు కొత్త సున్నం. ఇదంతా పాతకాలం నాటిదని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. మనుషులు అందులో ఇంకా కాపురముంటున్నారు, అందుకే నిలిచింది కాబోలు.

కోట వీధిలోకి పోయేసరికి పల్లకి తిరిగి చాలాసేపయింది. వీధి పొడుగునా చల్లిన నీళ్ళు ఎండిపోయాయి. ప్రతి వాకిట్లో వేసిన ముగ్గు మీదుగా బోయీల అడుగులు ఉన్నాయి. బంతిపూల రేకులు, కొబ్బరిచిప్పలు అక్కడక్కడ పడి ఉన్నాయి. అత్తమ్మ నా భుజం పట్టుకుని, "ఏమున్నయి పిల్లా?" అని అడిగింది. ముగ్గులున్నాయని, పూలున్నాయని చెప్పాను. అడుగుల సంగతి చెప్పలేకపోయాను.

నేతవాళ్ళ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చున్నాం. ఉత్సవం కాబట్టి మగ్గాలు ఆపి ఉంచారు. ఆ ఇంటామె నీళ్ళు ఇచ్చి, మాది ఏ ఊరో అడిగి, మగ్గం మీద సగం నేసిన చీర చూపించింది. నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు దారాలను నేస్తూ నేస్తూనే నడుముతో ముడివేసి కలుపుతారట. ఆ చోటు వేలితో తడిమితే తప్ప తెలియదు. అత్తమ్మ తడిమి కనుక్కుంది. ఆ ఇంటామె మెచ్చుకుని, "మీ అత్తకు కండ్లు వేళ్ళలున్నయి" అని నాతో అన్నది. అప్పుడు అత్తమ్మ అడిగింది. "స్వామి మళ్ళ ఎండలకు ఎప్పుడొస్తడు తల్లీ?"

"మళ్ళ ఎప్పుడవ్వా, ఏడాదికే. పొద్దుగాల మా ఇంటి ముందటనే దించిండ్రు. గిదో, గిక్కడనే" అని ఆమె అరుగు కింద చోటు చూపించింది. మా ఆయన లేచి వీధిలోకి పోయి అటు తిరిగి నిలబడ్డారు. అత్తమ్మ అరుగు దిగి, ఆమె చూపిన చోట నేలను ముట్టి కళ్ళకద్దుకుంది.

గుడి సాయంత్రం దీపాల వేళకు మళ్ళీ తెరుస్తారు. అందాకా ఊరు తిరిగాం. మిద్దె ఇళ్ళు, నగిషీ తలుపులు, ఇరుకైనా శుభ్రంగా ఉన్న సందులు, మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే బావి, అన్నీ చూశాను. అన్నీ చెబుతూ నడిచాను. మా ఇంట్లో నేను అంతగా మాట్లాడిన రోజు లేదు. అత్తమ్మ "ఊ" కొడుతూ వచ్చింది కానీ, ఎండ గోడల మీదికి ఎక్కే కొద్దీ ఆమె చెయ్యి నా భుజం మీద బరువెక్కింది. మంచి ఊరిని అలాంటి మనసుతో చూడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. పొద్దుట చూసి ఉంటే ఆ కోట నాకు పండుగలా గుర్తుండేది.

గుడి తెరిచారు. చెక్కిన స్తంభాల మండపం దాటి గర్భగుడి ముందు నిలబడ్డాం. లోపల రెండు నూనె దీపాలు. నాకే స్వామి ముఖం సరిగా ఆనలేదు. పూజారి గోత్రం అడిగాడు, ఆయన చెప్పారు. గంట మోగింది, హారతి లేచింది. ఆ వెలుగులో ఒక్క క్షణం స్వామి నామాలు, శంఖచక్రాలు, నవ్వు ముఖం కనిపించాయి. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె రెండు చేతులూ జోడించి, ఎడమపక్కనున్న రాతి స్తంభం వైపు తిరిగి నిలబడి ఉంది. గంట చప్పుడు ఆ రాతికి తగిలి అటునుంచి వచ్చినట్టు వినిపించి ఉంటుంది. భుజం పట్టి ఇటు తిప్పుదామని చెయ్యి ఎత్తేలోగా హారతి తగ్గిపోయింది.

"కనవడ్డడా అమ్మా?" అని ఆయన అడిగారు.

"కనవడ్డడు బిడ్డా" అన్నది ఆమె, స్తంభం వైపే చూస్తూ. "అచ్చం నీ లెక్కనే ఉన్నడు."

ఆయన ఆమెను చూశారు, స్తంభాన్ని చూశారు, నన్ను చూశారు. తరువాత వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టి, చాలాసేపు లేవలేదు. ఆ రాత్రి రైలుకే తిరిగి బయలుదేరాం. ఆయన మా డబ్బా కిటికీ కింద, ప్లాట్‌ఫారం మీద నిలబడి, కూత వేశాక గాని తన డబ్బా ఎక్కలేదు. దారి పొడుగునా ప్రతి స్టేషన్‌లోనూ దిగారు.

ఈ ఏడు ఉత్సవం వచ్చేసరికి అత్తమ్మకు పగలూ రాత్రీ ఒకటే అయ్యాయి. మళ్ళీ పోదామా అని ఆయన అడిగితే, "చూసినోళ్ళం, మళ్ళ ఎందుకు?" అన్నది. ఆ మాట ఇంట్లో ముగ్గురం నమ్మినట్టే ఉంటున్నాం. చుట్టాలు వస్తే ఆమె కోట గోడల మందం, వాకిలి ఎత్తు, చీర అంచు సంగతి తానే చూసినట్టు చెబుతుంది. అవి నేను చెప్పిన మాటలే. ఎక్కడ తడబడితే అక్కడ అందిస్తాను. ఒక పేరు నోట పలకకపోవడం మర్యాద అని నేర్చుకున్నాను, ఇప్పుడూ పలకలేను. కానీ ఆ ప్లాట్‌ఫారం మీద ఒక్కసారి పలికి ఉంటే ఏ దేవుడికి కోపం వచ్చేదని రాత్రిళ్ళు అనుకుంటూ ఉంటాను.

పోయేవాళ్ళకు ఒక్క మాట. ఆడవాళ్ళ డబ్బాలో ఎక్కేటప్పుడు మీ మగవాళ్ళ పేరు ఒక కాగితం మీద రాసి కొంగున ముడివేసుకోండి, చదువు రాకపోతే ఎవరిచేతనైనా రాయించుకోండి. ఎవరైనా వెనకబడితే ఆ కాగితం స్టేషన్ మాస్టరు చేతిలో పెట్టి, పిలిచిన జట్కా ఎక్కి కోటకు పొండి. వెనకబడ్డవారు ఎదురు రైలుకు వచ్చి మిమ్మల్ని వెతుక్కుంటారు. పల్లకి ఎండ ముదరకముందే తిరిగి గుడిలోకి పోతుంది.